విటమిన్ డి 11 ఉంది, 60కి పెంచితే క్యాన్సర్ తిరిగి రాదా?

మడిపాక్కం మల్లె

అందరికీ నమస్కారం. మా అక్కకు 54 ఏళ్లు. నిరుడు రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. కీమో, రేడియేషన్ కూడా పూర్తయ్యాయి. ఇప్పుడు రోజూ ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను తగ్గించే లెట్రోజోల్ మాత్ర వేసుకుంటోంది. పోయిన వారం చేయించిన రక్త పరీక్షలో విటమిన్ డి 11 అని వచ్చింది. ఆ అంకె పక్కన ఎర్ర సిరాతో ఒక బాణం గుర్తు, కింద చిన్న పట్టిక: 20 లోపు ఉంటే లోపం, 20 నుంచి 30 వరకు చాలదు, 30 నుంచి 100 వరకు సరిపడా, 100 దాటితే ప్రమాదం. అప్పటి నుంచి అక్క ఆ కాగితాన్ని మడత విప్పడం, మళ్లీ మడవడం తప్ప ఇంకో పని చేయడం లేదు.

ఇంతలో మా బావగారి అన్నయ్య ఒక వీడియో పంపించారు. డి 60 పైన ఉన్నవాళ్లకు క్యాన్సర్ రాదట, వచ్చినా తిరగబెట్టదట, డాక్టర్లు ఈ సంగతి కావాలనే దాస్తారట. ఆయనే 60,000 యూనిట్ల పొడి పొట్లాలు ఒక పెట్టె నిండా కొని కొరియర్‌లో పంపి, రోజుకొకటి పాలలో కలిపి తాగమన్నారు. డాక్టరుగారి దగ్గరకు వెళ్లేది వచ్చే గురువారం. అక్క ఈ రాత్రే మొదలుపెడతానంటోంది. పెద్దాయన మాట కాదనడానికి ఇంట్లో ఎవరికీ నోరు రావడం లేదు.

రెండు ప్రశ్నలు. డి తక్కువ ఉండడం వల్లే క్యాన్సర్ వచ్చిందా? ఇప్పుడు పెంచితే తిరిగి రాకుండా ఉంటుందా?

మందుల కొట్టు, విల్లివాక్కం

ముందు ఆ పెట్టెకు తాళం వేయండి. మిగతా సంగతులు తర్వాత.

60,000 యూనిట్ల పొట్లం మామూలుగా వారానికి ఒకటి, అదీ 8 వారాల పాటు రాస్తారు. రోజూ వేసుకునే సరుకు కాదది. రోజూ వేసుకుంటూ పోతే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. దాహం, మలబద్ధకం, వాంతులు, మగత, తికమక, కిడ్నీ దెబ్బతినడం వరుసగా వస్తాయి. కీమో అయిన మనిషిలో ఇవి కనబడితే ఇంట్లోవాళ్లు మందుల నీరసమే అనుకుంటారు, అసలు కారణం ఎవరికీ తట్టదు. పైగా ఈ విటమిన్ కొవ్వులో నిల్వ ఉంటుంది. ఆపేశాం కదా అని వెంటనే దిగిపోదు.

నా కౌంటరు ముందు జరిగే తంతు ఒకటి చెబుతాను. చీటీ మీద వారానికి ఒకసారి అని ఉంటుంది. పొట్లం మీద నేనూ పెన్నుతో "ఆదివారం" అని రాసి ఇస్తాను. అయినా పది రోజులు తిరక్కుండానే అయిపోయాయి, ఇంకో 8 ఇవ్వండి అని వచ్చేవాళ్లు ఉన్నారు. ఇక్కడ చీటీ కూడా లేదు, కొరియర్ మాత్రమే ఉంది.

సహజ జీవనం

మందుల కొట్టువారు భయపెట్టడంలో ఆశ్చర్యం ఏముంది? పొట్లం ఖరీదు ఎంతో ఉండదు. కీమో ఖరీదు ఎంతో మల్లెగారినే అడగండి. చవకైన దానికి ప్రచారం ఉండదు.

ఎండ తక్కువగా పడే ప్రాంతాల్లో పెద్దపేగు క్యాన్సర్ మరణాలు ఎక్కువని 1980లోనే అమెరికా పరిశోధకులు గార్లండ్ సోదరులు రాశారు. ఆ తర్వాత రక్తంలో డి కొలిచి చూసిన అధ్యయనాలు ఎన్నో వచ్చాయి. డి ఎక్కువ ఉన్నవాళ్లలో జబ్బు తక్కువ, వచ్చినా బతికే కాలం ఎక్కువ. సూర్యభగవానుడు ఉచితంగా ఇస్తున్నది కాదని మనం ఏసీ గదుల్లో కూర్చుంటున్నాం. అమ్మా, అన్నగారు చెప్పింది చేయించండి.

లెక్కల మాస్టారు, అంబత్తూరు

సహజ జీవనంగారు 1980 గురించి చెప్పింది నిజం. రక్త పరీక్షల అధ్యయనాలు కూడా ఉన్నాయి. డి ఎక్కువ ఉన్నవాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ తక్కువగా కనబడింది. పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లు వచ్చినవాళ్లలో డి ఎక్కువ ఉన్నవాళ్లు ఎక్కువ కాలం బతికినట్టు కూడా తేలింది. అంతవరకు ఆయనతో నాకు పేచీ లేదు.

పేచీ అంతా ఆ తర్వాతి అడుగులో ఉంది. రక్తంలో డి ఎక్కువ ఉండే మనిషి ఎవరు? బయట తిరిగేవాడు, నడిచేవాడు, ఒళ్లు బరువెక్కనివాడు. ఆ అలవాట్లు ఎలాగూ మేలు చేసేవే, అందులో డి వాటా ఎంతో విడదీయడం కష్టం. ఇటు జబ్బుపడిన మనిషి గడప దాటడు, సరిగా తినడు, పడుకునే ఉంటాడు. డి తగ్గి జబ్బు ముదిరిందా, జబ్బు ముదిరి డి తగ్గిందా అన్నది రక్తం కాగితం చూసి చెప్పలేం. జ్వరం వచ్చినవాడి థర్మామీటరును చన్నీళ్లలో ముంచితే అంకె దిగుతుంది, జ్వరం దిగదు.

దీన్ని తేల్చడానికి ఒకటే దారి. ఎవరికి అసలు మాత్ర, ఎవరికి ఉత్తుత్తి మాత్ర అన్నది చీటీలు వేసినట్టు నిర్ణయించి, ఏళ్ల తరబడి కనిపెట్టి ఉండాలి. అమెరికాలో వైటల్ అనే ప్రయోగం అదే చేసింది. 25,871 మంది, రోజుకు 2,000 యూనిట్ల డి, 5 ఏళ్లకు పైగా. 2018 నవంబరులో ఫలితం వచ్చింది. డి వేసుకున్నవాళ్లలో 793 మందికి క్యాన్సర్ వచ్చింది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 824 మందికి. ఇన్ని వేలమందిలో ఆ 31 మంది తేడాను గణితం తేడాగా ఒప్పుకోదు.

మల్లెగారి మొదటి ప్రశ్నకు ఇదే నా జవాబు. డి తక్కువ ఉన్నందువల్ల అక్కగారికి క్యాన్సర్ వచ్చిందని చెప్పడానికి ఆధారం లేదు. ఆ మాట ఆమెతో ఈ రాత్రే చెప్పండి. ఎండలో నిలబడి ఉంటే బాగుండేదని ఆ తల్లి తనను తాను తిట్టుకుంటూ ఉండి ఉంటుంది.

ల్యాబ్ మనిషి

పరీక్షలు చేసేవాడిగా నాలుగు మాటలు.

ఆ 11 అన్నది మిల్లీలీటరుకు నానోగ్రాముల లెక్క. కొన్ని చోట్ల నానోమోల్స్‌లో ఇస్తారు, దాన్ని రెండున్నరతో భాగించాలి. వీడియోలో చెప్పిన 60 ఏ లెక్కలోదో మొదట అడగండి. నానోమోల్స్‌లో 60 అంటే మన లెక్కలో 24 మాత్రమే.

రెండోది, ఆపరేషన్ తర్వాతా, ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడూ డి అంకె తనంతట తనే పడిపోతుంది. మాస్టారు చెప్పిన ఉల్టా వ్యవహారానికి ఇది కూడా ఒక కారణం. బరువెక్కువ ఉన్నవాళ్లలో డి కొవ్వులోకి సర్దుకుపోవడం వల్ల రక్తంలో తక్కువ కనబడుతుంది.

మూడోది ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. అక్కగారు జుట్టు తిరిగి రావడానికి బయోటిన్ అనే బి విటమిన్ మాత్రలు వేసుకుంటున్నారా? కీమో అయినవాళ్లు చాలామంది వేసుకుంటారు. కొన్ని యంత్రాల పద్ధతిలో బయోటిన్ పరీక్షను తప్పుదారి పట్టిస్తుంది. డి లేనిది ఉన్నట్టు ఎక్కువగా రావచ్చు, థైరాయిడ్ అంకెలు తారుమారు కావచ్చు. రక్తం ఇచ్చే ముందు ఏమేం వేసుకుంటున్నారో చెప్పడం మంచిది.

నాలుగోది, ఆ పట్టికలోని 30 గీత రాతిమీద చెక్కింది కాదు. ఆరోగ్యవంతుల్లో దాదాపు అందరికీ 20 చాలని అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2010లో చెప్పింది. 30 కావాలని 2011లో చెప్పిన హార్మోన్ల వైద్యుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 2024లో ఆ అంకెను తనే వదిలేసింది, ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు ఊరికే ఈ పరీక్ష చేయవద్దని కూడా అన్నది. కానీ 11 ఎవరి లెక్కలో చూసినా తక్కువే. దాన్ని సరిచేయాల్సిందే.

కొత్త సభ్యుడు 77

విటమినే కదా, ఎక్కువైతే మూత్రంలో పోతుంది. ఇంత గొడవ ఎందుకు?

మందుల కొట్టు, విల్లివాక్కం

మూత్రంలో పోయేవి బి, సి విటమిన్లు. ఎ, డి, ఇ, కె కొవ్వులో దాక్కుంటాయి. ఏడో తరగతి పాఠం.

లెక్కల మాస్టారు, అంబత్తూరు

77గారిని విసుక్కోకండి, ఆ నమ్మకం పెద్దపెద్దవాళ్లకే ఉండేది. దాని మీద ఒక కథ ఉంది, ఈ చర్చలో అన్నిటికంటే ముఖ్యమైనది అదేనని నా అభిప్రాయం.

క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్ రక్తంలో ఎక్కువగా ఉన్నవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని 1980ల నాటికే గట్టిగా అనుకునేవారు. సరే, మాత్రగా ఇద్దామన్నారు. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లు 29,133 మందిని తీసుకుని, కొందరికి రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఇచ్చారు. 1994లో ఫలితం వచ్చింది. మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. ఎక్కువ అని రాశాను, మళ్లీ చదవండి. అమెరికాలో 18,314 మందితో అలాంటిదే ఇంకో ప్రయోగం అప్పటికే నడుస్తోంది. అందులో బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ కూడా ఇచ్చారు. అక్కడ ఊపిరితిత్తుల క్యాన్సర్ 28 శాతం ఎక్కువగా కనబడేసరికి 1996లో మధ్యలోనే ఆపేశారు.

ఇక అసలు మెలిక చూడండి. ఆ ఫిన్లాండ్ మగవాళ్లలోనే, ప్రయోగం మొదలుకాక ముందు తీసిన రక్తంలో బీటా కెరోటిన్ సహజంగా ఎక్కువ ఉన్నవాళ్లకు క్యాన్సర్ తక్కువే వచ్చింది. అంటే పాత అధ్యయనాలు అబద్ధం కాదు. కూరగాయలు తిని, తక్కువ పొగతాగి బతికిన మనిషి రక్తంలో ఆ అంకె ఎక్కువ ఉంటుంది. ఆ అంకెను సీసాలోంచి తెచ్చి పెట్టుకుంటే ఆ బతుకు రాదు. మగవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గుతుందని విటమిన్ ఇ ఇచ్చి చూసిన 35,533 మంది ప్రయోగంలో కూడా 2011 నాటికి అది 17 శాతం పెరిగినట్టు తేలింది.

ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. చైనాలోని లిన్‌షియన్ జిల్లాలో, తిండిలోనే పోషకాలు కరువైన జనానికి, బీటా కెరోటిన్, విటమిన్ ఇ, సెలీనియం కలిపి ఇస్తే క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. 1993 నాటి ఫలితం. గుంత ఉన్నచోట పూడిస్తే మేలు, గుంత లేనిచోట మట్టి పోస్తే గుట్ట.

సహజ జీవనం

మాస్టారూ, మీరు వైటల్ గురించి సగమే చెప్పారు. అందులోనే క్యాన్సర్ మరణాలు 17 శాతం తగ్గాయి. మొదటి రెండేళ్లు తీసేసి చూస్తే 25 శాతం. ఇది ఎందుకు దాచారు? మేము అడిగేది రావడం గురించి కాదు, వచ్చాక బతకడం గురించి!

లెక్కల మాస్టారు, అంబత్తూరు

దాచలేదు, అడుగుతారని ఆగాను. పద్ధతిగా చదివి వచ్చినందుకు సంతోషం.

డి గుంపులో క్యాన్సర్‌తో పోయినవాళ్లు 154 మంది, రెండో గుంపులో 187 మంది. మీరన్న 17 శాతం అదే. అయితే ఆ లెక్క 33 శాతం తగ్గుదల నుంచి 2 శాతం పెరుగుదల దాకా ఎక్కడైనా ఉండవచ్చు. ఆశ పెట్టుకోదగ్గ సూచన, రుజువు కాదు. రెండేళ్లు తీసేసిన లెక్క బలంగానే ఉంది.

ఇక ఆస్ట్రేలియాకు రండి. 21,315 మంది, అందరూ 60 దాటినవాళ్లు. వాళ్లకు ఇచ్చింది నెలకు ఒకసారి 60,000 యూనిట్లు, అంటే మల్లెగారి ఇంట్లో తాళం వేసి ఉన్న పొట్లంలో ఉన్న మోతాదే. 2022లో ఫలితం. మొత్తం మరణాలు తగ్గలేదు. మీరు చెప్పినట్టే మొదటి రెండేళ్లు తీసేసి చూస్తే క్యాన్సర్ మరణాలు డి గుంపులోనే 24 శాతం ఎక్కువ కనబడ్డాయి. ఒకే రకం లెక్క అమెరికాలో అలా, ఆస్ట్రేలియాలో ఇలా.

రోజూ చిన్న మోతాదు ఇచ్చిన ప్రయోగాలను మాత్రమే కలిపి 2023లో చూసినప్పుడు క్యాన్సర్ మరణాలు సుమారు 12 శాతం తక్కువ కనబడ్డాయి. అప్పుడప్పుడు పెద్ద మోతాదు ఇచ్చినవాటిలో మేలు లేదు. కాబట్టి మీ వాదనకు ఏమైనా బలం ఉంటే అది రోజువారీ చిన్న మోతాదుకు ఉంది. బావగారి అన్నగారి పెట్టెకు లేదు. ఇంకో సంగతి, వైటల్‌లో ముదిరిన క్యాన్సర్లు తగ్గినట్టు కనబడింది సన్నగా, మామూలు బరువులో ఉన్నవాళ్లలో. బరువెక్కువ ఉన్నవాళ్లలో ఆ మేలు కనబడలేదు.

ఇక జబ్బు వచ్చినవాళ్ల మీదే చేసిన ప్రయోగాలు. పెద్దపేగు క్యాన్సర్ ఒళ్లంతా పాకిన 139 మందికి కీమోతో పాటు డి ఇచ్చి చూశారు, కొందరికి రోజుకు 4,000 యూనిట్లు, కొందరికి 400. జబ్బు మళ్లీ ముదరడానికి పట్టిన కాలం పెద్ద మోతాదులో 13 నెలలు, చిన్నదానిలో 11 నెలలు. 2019లో ఈ వార్తకు పెద్ద సందడి. 450 మందికి పైగా తీసుకుని అదే పని మళ్లీ చేస్తే, 2025లో వచ్చిన ఫలితంలో తేడా కనబడలేదు. చిన్న ప్రయోగం చూసి ఇల్లంతా తోరణాలు కట్టకూడదని నా పిల్లలకు ముప్పై ఏళ్లు చెప్పాను.

సహజ జీవనం

తోరణాలు నేను కట్టలేదు. 11ను 11గా వదిలేయమని ఎవరైనా అంటే మాత్రం ఊరుకోను.

మందుల కొట్టు, విల్లివాక్కం

ఎవరన్నారు? ఇక్కడ ఒక్కరూ అనలేదు.

పెరంబూరు పిన్ని

మల్లె తల్లీ, ఈ లెక్కలన్నీ చదివి భయపడకు. మీ బాబాయికి ఏడేళ్ల కిందట జీర్ణాశయం తీసేశారు. అప్పటి నుంచి బి12 ఇంజెక్షన్ తప్పనిసరి. జీర్ణాశయం లేకపోతే బి12 ఒంటికి పట్టదు, మాత్ర తిన్నా ఎంతో కొంతే. ఒకసారి ఊరెళ్లి రెండు విడతలు మానేస్తే కాళ్లు తిమ్మిర్లెక్కి మెట్లు దిగలేకపోయారు. కాబట్టి విటమిన్ అంటే అందరికీ ఒకటే మాట చెప్పకూడదు. ఎవరికి ఏ అవయవం పోయింది, ఏ మందు నడుస్తోంది, దాన్ని బట్టి ఉంటుంది.

అదీగాక లెట్రోజోల్ వేసుకునేవాళ్లకు ఎముకలు గుల్లబారతాయి. మా పక్కింటి ఆవిడకు బాత్రూమ్‌లో చెయ్యి ఊనితే మణికట్టు విరిగింది. డాక్టరుగారిని ఎముకల సాంద్రత పరీక్ష గురించి అడుగు. ఎముకలకు ఇంజెక్షన్ రాస్తే, అది వేసే ముందు డి, కాల్షియం సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తారు, లేకపోతే కాల్షియం ఒక్కసారిగా పడిపోతుందట. మీ అక్కకు డి కావలసింది ఎముకల కోసం.

లెక్కల మాస్టారు, అంబత్తూరు

పిన్నిగారు ఒక్క మాటలో తేల్చేశారు. నేను ఇంత రాయనక్కర్లేకపోయింది.

అడయారు పాఠకుడు

కాస్త పక్కదారి పడతాను, నిర్వాహకులు ఓర్చుకోవాలి. విటమిన్ క్యాన్సర్‌కు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నలో మన ఊరికీ, మన భాషవాళ్లకూ పెద్ద వాటా ఉంది.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టి, ఇక్కడే మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. స్ప్రూ అనే జబ్బుతో సోదరులను పోగొట్టుకున్నారు. ఆ జబ్బులో పేగులు ఫోలిక్ ఆమ్లం అనే బి విటమిన్‌ను పట్టుకోలేవు. తర్వాత అమెరికా వెళ్లి, లెడర్లే సంస్థలో ఆయన బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఆ కోవలోని పదార్థాలు ఇచ్చి చూశారు. రక్తహీనతకు అంత బాగా పనిచేసే విటమిన్ దీనికీ పనిచేయవచ్చన్న ఆశ. జబ్బు తగ్గకపోగా ఉరకలెత్తినట్టు ఆయనకు కనిపించింది.

అక్కడే ఆయన బుర్ర వెనక్కి తిరిగింది. విటమిన్ ఇస్తే క్యాన్సర్ కణాలు పెరుగుతున్నాయంటే, విటమిన్‌ను అడ్డుకుంటే? సుబ్బారావుగారి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని చెడగొట్టే అమినోప్టెరిన్ చేసి ఇచ్చింది. 1948 జూన్‌లో ఫార్బర్ 16 మంది పిల్లల గురించి రాశారు. 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అంతకుముందు ఆ జబ్బుకు మందే లేదు. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. అదే వరుసలో వచ్చిన మెథోట్రెక్సేట్ అనే మందును క్యాన్సర్‌కు ఇప్పటికీ వాడుతున్నారు.

చీలుతూ పెరిగే ప్రతి కణానికీ ఫోలేట్, అంటే ఈ ఫోలిక్ ఆమ్లం కోవ విటమిన్, కావాలి, మంచి కణమైనా చెడ్డ కణమైనా. విటమిన్‌కు పక్షపాతం లేదు.

మందుల కొట్టు, విల్లివాక్కం

దీనికి నా కొట్టులో రుజువు ఉంది. కేపసైటబిన్ అనే కీమో మాత్రలు వాడేవాళ్లు బలానికని ఫోలిక్ ఆమ్లం కొనుక్కుంటారు. దాంతో ఆ మందు విషప్రభావం పెరిగి విరేచనాలు, నోటిపూత ఎక్కువవుతాయి. పెమెట్రెక్సెడ్ అనే ఇంకో కీమో మందు తీసుకునేవాళ్లకు మాత్రం ఫోలిక్ ఆమ్లం, బి12 డాక్టర్లే తప్పనిసరిగా ఇస్తారు, లేకపోతే ఆ మందు తట్టుకోలేరు. ఒకే విటమిన్, ఒక మందుకు శత్రువు, ఇంకో మందుకు తోడు. బలం మందు ఇవ్వండి అని అడిగేవాళ్లను ఏ కీమో నడుస్తోందని నేను అడుగుతాను. సగం మందికి పేరు తెలియదు. ఫైలు తెమ్మంటే కోపం.

మల్లెగారూ, అక్కగారు కీమో సమయంలో యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు ఏమైనా వేసుకున్నారా?

మడిపాక్కం మల్లె

వేసుకుంది. ఎవరో ఇచ్చిన విటమిన్ ఇ, సి కలిపిన క్యాప్సూల్స్. డాక్టరుగారికి చెప్పలేదు. ఇప్పుడు భయంగా ఉంది.

లెక్కల మాస్టారు, అంబత్తూరు

భయపడనక్కర్లేదమ్మా, కానీ గురువారం చెప్పండి. రొమ్ము క్యాన్సర్ వాళ్లు 1,134 మందిని చూసిన ఒక అధ్యయనం 2020లో వచ్చింది. కీమోకు ముందూ, కీమో నడుస్తున్నప్పుడూ యాంటీ ఆక్సిడెంట్లు వేసుకున్నవాళ్లలో జబ్బు తిరగబెట్టడం కాస్త ఎక్కువగా కనబడింది. అయితే అది పరిశీలన మాత్రమే, చీటీలు వేసిన ప్రయోగం కాదు. డి మంచిదన్న రక్త పరీక్షలకు నేను పెట్టిన షరతే దీనికీ వర్తిస్తుంది. అయిపోయిన దాని మీద బెంగ వద్దు. ఇకమీదట ఏ సీసా వచ్చినా ఫైలులో రాసుకోండి.

సహజ జీవనం

సి విటమిన్ మీద కూడా రాళ్లు వేస్తారని తెలుసు. రెండు నోబెల్ బహుమతులు అందుకున్న లైనస్ పాలింగ్ క్యాన్సర్‌కు సి ఇవ్వమన్నారు. ఆయనకు తెలియదా?

ల్యాబ్ మనిషి

పాలింగ్ రసాయన శాస్త్రానికీ, శాంతికీ నోబెల్ అందుకున్నారు. 1976లో కామెరాన్ అనే స్కాట్లాండ్ డాక్టరుతో కలిసి ఆయన చూపించిన లెక్కలో పాత రోగుల రికార్డులతో పోలిక తప్ప చీటీలు వేయడం లేదు. అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రివాళ్లు రోజుకు 10 గ్రాములు నోటితో ఇచ్చి, ఉత్తుత్తి మాత్రతో పోల్చి, 1979లోనూ 1985లోనూ చూశారు. మేలు కనబడలేదు.

కొత్త సభ్యుడు 77

అయితే ఎండలో కూర్చుంటే చాలా? చెన్నైలో ఎండకు కరువా?

అడయారు పాఠకుడు

తిరుపతి ఎండ చెన్నై కంటే మెత్తనిది కాదు. అక్కడి పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో పల్లెల్లో ఉండేవాళ్లలో కూడా చాలామందికి డి 20 లోపే ఉంది. చర్మంలో డి బాగా తయారయ్యేది ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 లోపు. ఆ వేళకు మన ఆడవాళ్లు వంటింట్లో, మగవాళ్లు ఆఫీసులో ఉంటారు. మెరీనాలో తెల్లవారి ఆరింటికి నడిచే ఎండ ఆరోగ్యానికి మంచిదే, డికి పెద్దగా ఉపయోగం లేదు. రేడియేషన్ ఇచ్చిన చోట చర్మానికి మండుటెండ తగలకూడదు, అక్కగారికి అది కూడా చెప్పండి.

నిర్వాహకుడు

వీడియో లింకును తీసేశాను. మిగతా చర్చ అలాగే ఉంటుంది. మందు మోతాదులు ఇక్కడ చదివి ఎవరూ సొంతంగా మొదలుపెట్టవద్దు.

మడిపాక్కం మల్లె

అందరికీ కృతజ్ఞతలు. నిన్న గురువారం వెళ్లి వచ్చాం. డాక్టరుగారు రక్తంలో కాల్షియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూసి, డి పొట్లం వారానికి ఒకటి చొప్పున 8 వారాలు, ఆ తర్వాత రోజూ చిన్న మాత్ర రాశారు. ఎముకల సాంద్రత పరీక్షకు చీటీ ఇచ్చారు. పిన్నిగారు చెప్పినట్టే ఎముకల ఇంజెక్షన్ గురించి ఆ ఫలితం చూశాక నిర్ణయిస్తామన్నారు. విటమిన్ ఇ, సి క్యాప్సూల్స్ ఆపేయమన్నారు. బయోటిన్ కూడా ఉందని ల్యాబ్ మనిషిగారి మాట గుర్తొచ్చి చెబితే, మళ్లీ రక్తం ఇచ్చే ముందు మానేయమని ఫైలు మీద పెద్ద అక్షరాలతో రాశారు.

"60కి చేరితే తిరిగి రాదా?" అని అక్కే అడిగింది. "ఆ పని లెట్రోజోల్ చేస్తుందమ్మా, డి నీ ఎముకలను నిలబెడుతుంది" అన్నారు. బయటికి వచ్చాక అక్క కాఫీ కావాలంది. చాలా రోజుల తర్వాత.

బావగారి అన్నయ్యకు మాత్రం కోపం వచ్చింది. ఆయన పంపిన పెట్టెలోంచే 8 పొట్లాలు వాడుకుంటామని చెబితే కాస్త చల్లబడ్డారు.

మందుల కొట్టు, విల్లివాక్కం

పెట్టె మీద గడువు తేదీ చూశారా? కొరియర్‌లో వచ్చినవి ఎండలో ఎన్నాళ్లు ఉన్నాయో తెలియదు. చూసి చెప్పండి. పాలు గానీ, నెయ్యి వేసిన భోజనం గానీ తర్వాతే వేసుకోవాలి, ఖాళీ కడుపున అంతగా పట్టదు. కాల్షియం మాత్ర కూడా రాసి ఉంటే థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటల ఎడం ఉంచండి.

కొత్త సభ్యుడు 77

చివరగా నాదొక ప్రశ్న. మా నాన్నగారికి 70. మాత్రలు, ఇంజెక్షన్లు ఏమీ వేసుకోరు, శాకాహారి. ఆయన బి12 పట్టికలోని పై గీత కంటే చాలా ఎక్కువ వచ్చింది. మంచిదే కదా అని ఫైలులో పెట్టేశాం.

ల్యాబ్ మనిషి

ఫైలులోంచి తీయండి. బి12 మాత్రలు వేసుకోని శాకాహారిలో అంత ఎక్కువ రావడం వింతే. డెన్మార్క్‌లో 3 లక్షల మందికి పైగా రికార్డులు చూసి 2013లో రాశారు. కారణం లేకుండా బి12 బాగా ఎక్కువ ఉన్నవాళ్లలో, ముఖ్యంగా పరీక్ష అయిన మొదటి ఏడాదిలో, క్యాన్సర్ బయటపడడం ఎక్కువగా ఉంది. బి12 క్యాన్సర్ తెచ్చిందని దాని అర్థం కాదు. కాలేయ జబ్బులోనూ, కొన్ని రక్త జబ్బుల్లోనూ, కొన్ని క్యాన్సర్లలోనూ బి12, దాన్ని మోసే ప్రోటీన్లు రక్తంలో పెరుగుతాయి. కిడ్నీ జబ్బులో కూడా పెరుగుతుంది. చాలాసార్లు ఏమీ ఉండదు. పరీక్షలోనే తేడా అయి ఉండవచ్చు, నాన్నగారు ఆరోగ్య పానీయం పొడి ఏదైనా తాగుతుంటే అందులో బి12 కలిపి ఉండవచ్చు.

ముందు వంటింట్లో డబ్బా మీద చిన్న అక్షరాలు చదవండి. అందులో లేకపోతే ఇంకోసారి బి12, దాంతో పాటు రక్తకణాల లెక్క, కాలేయ పరీక్ష, క్రియాటినిన్ చేయించి, మీ డాక్టరుగారికి చూపించండి. ఈ వారమే.

కొత్త సభ్యుడు 77

డబ్బా చూశాను. పాలలో కలిపే పొడి, బి12 కలిపినట్టే రాసి ఉంది. రోజుకు మూడు గ్లాసులు తాగుతారు. అయినా రేపు ఉదయం రక్తం ఇప్పిస్తాను.